పద్దెనిమిది కిలోల ఉల్లిగడ్డలు

"కారు బ్రోచరు మీద పాలగిన్నె పెట్టిందెవరు?"

వంటింట్లో రాఘవేందర్ వేసిన కేక హాలు దాటి బాల్కనీ దాకా వినిపించింది. ఆదివారం పొద్దున ఏడింటికి పద్మారావు నగర్‌లోని ఆ రెండో అంతస్తు వాటాలో అంత గొంతు లేవడం మామూలు కాదు.

"నేనే పెట్టిన," అంది ఆయన భార్య కల్పలత, టీ వడపోస్తూ తల తిప్పకుండానే. "గట్టు మీద జాగ ఎక్కడుంది? వారం నుంచి అది అక్కడ్నే పడుంది. మందంగ ఉంది, పనికొచ్చింది."

"ఇదేమన్న చాపనా? చూడు, సరిగ్గ ఇంజన్ ఫోటో మీదనే గుండ్రంగ మరక పడ్డది!"

"ఇంకో పేజీల ఇంకో ఫోటో ఉంటది కదా."

"ఉంటది! స్టీరింగ్‌ది ఉంటది, సీట్లది ఉంటది. ఇంజన్‌ది ఒక్కటే ఉండె!"

హాల్లో పేపరు చదువుతున్న ఆయన తండ్రి తుకారాం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఇంజన్ అన్నంక ఆ మాత్రం వేడి తగుల్తది లేరా. కాలి సీజయిందంటే షెడ్డుకు పంపిద్దాం తియ్."

పదమూడేళ్ల ఊర్మిళ పక్కున నవ్వింది. ఆరేళ్ల విశ్వతేజ విషయం తెలియకపోయినా అక్క నవ్విందని తనూ నవ్వాడు. రాఘవేందర్ బ్రోచరును లుంగీ అంచుతో తుడిచి, ఆరడానికి ఫ్యాను కింద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా స్నానానికి వెళ్లిపోయాడు. అలిగినప్పుడు ఆయన స్నానం పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంటలో కల్పలత ఉప్మా చేసేసింది.

రాఘవేందర్‌కు రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణం ఉంది. రోజంతా హార్స్‌పవర్ల లెక్కలో మాట్లాడే మనిషి. ఇంట్లో ఉన్న చిన్న కారుకు పదకొండేళ్లు నిండాయి. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కదు, ఎత్తు ఎక్కాలంటే ఏసీ ఆపాలి. అందుకని ఆయన కొత్తగా వచ్చిన ఒక క్రాసోవర్ మీద మనసు పడ్డాడు. మామూలు కారుకన్నా ఎత్తుగా, పెద్ద జీపులకన్నా ఒద్దికగా ఉండే బండి. ఈ ఏడు కంపెనీవాళ్లు దాన్ని లోపలా బయటా బాగా మార్చారు.

"పాత మోడల్ల పన్నెండు వందల సీసీ ఉండె," అని ఆయన వారం రోజులుగా భోజనాల దగ్గర చెబుతున్నాడు. "ఇప్పుడు వెయ్యే. కాని టర్బో! హెచ్‌పీ ఇరవై ఎక్కువ. పెట్రోల్ తక్కువ తాగుతది."

"వెయ్యి సీసీయా? మా బస్సుల ఒక్కొక్క సిలిండరే అంత ఉంటుండె," అని తుకారాం పచ్చడి కలుపుకుంటూ తీసిపారేసేవాడు. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంజన్ల సంగతి ఆయన ముందు ఎవరు ఎత్తినా ఇలాగే ఉంటుంది.

ఆ బండిలో ఇంట్లోవాళ్లకు నచ్చినవి రెండు రకాలు. ధర ఇంచుమించు ఒకటే. ఒకదానికి పైకప్పులో తెరుచుకునే అద్దం, పెద్ద స్క్రీను, తలుపుల వెంట నీలం దీపాలు. రెండోదానికి ఆ సోకులు లేవు. గేర్లు వాటంతటవే పడతాయి, అద్దం వెనకాల ఒక కెమెరా ఉంటుంది, ముందు ఏదైనా అడ్డం వస్తే డ్రైవరు చూడకపోయినా బండే బ్రేకు వేసుకుంటుంది. సన్‌రూఫ్ కావాలని ఊర్మిళ పంతం. దాని క్లాసులో సగం మంది కార్లకు ఉందట. రాఘవేందర్ పైకి చెప్పకపోయినా ఆయనకూ అదే ఇష్టం.

కల్పలతకు ఏది ఇష్టమో ఎవరూ అడగలేదు, ఆమె తొందరపడి చెప్పనూ లేదు. బియ్యం బస్తా కొనేముందు గుప్పెడు తెచ్చి వండి చూసే మనిషి ఆమె. కుక్కరు కొంటే దాంతో వచ్చే చిన్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది. బి.ఎస్సీ. ఫిజిక్స్ ఫస్టు క్లాసులో పాసై, పదహారేళ్లుగా ఇల్లు నడుపుతోంది. చదివిందేదీ వృథా పోలేదనే ఆమె నమ్మకం.

పోయిన ఆదివారం బోయిన్‌పల్లిలోని షోరూముకు మొదటిసారి వెళ్లినప్పుడు కూడా అదే చేసింది. మగవాళ్లు బానెట్ ఎత్తి చూస్తుంటే, ఆమె సేల్స్ అమ్మాయి ప్రిసిల్లాను పిలిచి, "దీని మాన్యువల్ ఒకటి ఇస్తారా?" అని అడిగింది.

"బ్రోచర్ ఇచ్చిన కదా మేడమ్."

"బ్రోచర్ అమ్మేటందుకు. మాన్యువల్ వాడేటందుకు. నాకు వాడేది కావాలె."

ప్రిసిల్లా నవ్వి, లోపలినుంచి ఒకటి తెచ్చిచ్చింది. కల్పలత కుర్చీలో కూర్చుని ముప్పావుగంట చదివింది. ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక మధ్య సీటుకూ భుజం మీదుగా వచ్చే పూర్తి బెల్టు, పిల్లల కుర్చీ బిగించడానికి వెనక సీట్లో కొక్కేలు, ఐదు సీట్లలో ఎవరు బెల్టు పెట్టుకోకపోయినా మోగే గంట. అన్నీ బాగున్నాయి. ఒక పేజీ దగ్గర మాత్రం ఆమె వేలు ఆగిపోయింది. అక్కడ చిన్న బొమ్మ ఉంది: ముందు సీట్లో పెద్దమనిషి, ఆయన ఒడిలో పిల్లవాడు, ఇద్దరి మీదా ఎర్రటి అడ్డగీత. గుద్దుకున్నప్పుడు ముందున్న ఎయిర్‌బ్యాగు కన్ను మూసి తెరిచేంతలో విచ్చుకుంటుంది. ఒడిలో పిల్లవాడుంటే ఆ దెబ్బంతా వాడి మీదే.

ఆమె ఇంట్లో సరిగ్గా ఆ బొమ్మే నడుస్తోంది, రోజూ.

కారు ముందు సీటు తుకారాంది. అది ఆ ఇంట్లో ఎవరూ రాసిపెట్టని చట్టం. తేజ కూర్చునేది తాత ఒడిలో. అంతేకాదు, బెల్టు గంట మోగకుండా తుకారాం ఒక ఉపాయం కనిపెట్టాడు: ముందే బెల్టును ఖాళీ సీటుకు బిగించేసి, దాని ముందు కూర్చుంటాడు. కారు పాపం నమ్మేస్తుంది. పాత కారులో ఆ వైపు ఎయిర్‌బ్యాగే లేదు. కొత్తదానిలో ఉంది. అంటే ఎంత మంచి బండి కొంటే తేజకు అంత ముప్పు.

ఆ రాత్రి భర్తతో చెబితే, "ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నయి, ఇంకేం భయం?" అన్నాడు.

"ముందల ఒకటి ఉన్నందుకే భయం. తేజ దానికి ఎదురుంగ కూసుంటున్నడు."

ఆమె చదివింది చదివినట్టు చెప్పాక రాఘవేందర్ ముఖంలో రంగు మారింది. ఐనా, "బాపుకు నువ్వే చెప్పు," అన్నాడు.

"మీ బాపు కదా."

"అందుకే చెప్తలేను."

మర్నాడు పొద్దున ఆమే మెల్లగా చెప్పింది. తుకారాం కోప్పడలేదు, అదే కష్టమైంది. చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు. "బిడ్డా, ముప్ఫై ఒక్క ఏండ్లు తోలిన. ఒక్క గీత పడలే. వీని నాయన్ని బస్సుల ఇంజన్ మీది బానెట్ మీద కూసొవెట్టుకొని జహీరాబాద్ దాకా తోల్కపోయిన. ఏమైంది వానికి? రాణిగంజ్‌ల మోటర్లు అమ్ముతుండు. ఈ చేతులకెల్లి పిల్లగాడు జారుతడా?"

ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవంతో వాదించి గెలవడం ఎవరి వల్లా కాదు. పైగా ఆమెకు ఇంకో సంగతీ తెలుసు. అత్తగారు అనసూయమ్మ పోయినప్పుడు తేజకు రెండేళ్లు. దినకర్మలు ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఎవరితోనూ మాట్లాడని తుకారాం దగ్గరికి వాడే బుడిబుడి అడుగులతో వెళ్లి ఒళ్లో కూర్చున్నాడు. ఆయన మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టింది వాడితోనే. ఆ ఒడిని ఖాళీ చేయమని అడుగుతున్నానని ఆమెకు తెలుసు. కానీ వాడు ముందు సీట్లో ఉండగా ఆ కొత్త బండి గేటు దాటడం మాత్రం జరగదు. అది ఆమె మనసులో ఎప్పుడో తేలిపోయింది. ఎలా అన్నదే మిగిలింది.

ఈ ఆదివారం ఉప్మాలు తిని తొమ్మిదింటికి అందరూ పాత కారులో బయల్దేరారు. ముందు బోయిన్‌పల్లి మార్కెట్, తర్వాత షోరూము. తేజ తాత ఒళ్లో ఉన్నాడు. కల్పలత కళ్లు దారంతా వాడి నెత్తి మీదే ఉన్నాయి.

మార్కెట్లో టమాటా బాక్సుల మధ్య దారి చేసుకుంటూ ఆమె ఉల్లిగడ్డల దుకాణం ముందు ఆగింది.

"ఇరవై కిలోల సంచి," అంది. "దాంట్లకెల్లి రెండు కిలోలు తీసెయ్యి."

వ్యాపారి ఆమెను ఎగాదిగా చూశాడు. "అమ్మా, ఇది హోల్‌సేల్. సంచికి సంచే. తీసుడు పెట్టుడు ఉండది."

"పైసలు ఇరవైకే ఇస్త. తీసిన రెండు కిలోలు నువ్వే ఉంచుకో."

"ఎందుకమ్మా మరి?"

"నాకు సరిగ్గ పద్దెనిమిదే కావాలె."

ఆయన తల గోక్కుంటూ కుట్టు విప్పి, తీసి, కాంటా మీద పెట్టాడు. పద్దెనిమిది కిలోల రెండు వందల గ్రాములు. ఆమె వంగి రెండు గడ్డలు తీసి పక్కన పెట్టింది. కాంటా పద్దెనిమిది దగ్గర నిలిచింది. సంచి మూతి జనపతాడుతో కట్టించింది.

"ఏందిది? ఏమన్న మొక్కా?" అని రాఘవేందర్ గొణిగాడు.

"స్కూల్ల హెల్త్ కార్డుల తేజ బరువు ఎంత రాసిన్రు?"

రాఘవేందర్ సంచి వంక చూశాడు, భార్య వంక చూశాడు. నెమ్మదిగా అర్థమైంది. "బాపుతోనా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన సంచి భుజానికెత్తుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయన ఆమె పక్షమే, గట్టిగా చెప్పే ధైర్యం లేకపోయినా.

షోరూములో ప్రిసిల్లా టెస్ట్ డ్రైవ్ బండి సిద్ధం చేసి ఉంచింది. సన్‌రూఫ్ లేని రకం, బ్రేకు తనే వేసుకునేది. పిల్లలిద్దరూ లోపల ప్రదర్శనకు పెట్టిన బండిలో ఎక్కి స్టీరింగు తిప్పుతూ కూర్చున్నారు, బయటికి రామన్నారు. వాళ్లను కనిపెట్టుకోవడానికి షోరూములో ఇంకో అమ్మాయి ఉంది.

తుకారాం అలవాటు ప్రకారం బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, నాలుగు టైర్లనూ చెప్పుతో తన్ని చూశాడు, వంగి కిందికి చూశాడు. తర్వాత ముందు తలుపు తీసి, చేయి లోపలికి పెట్టి, బెల్టు లాగి ఖాళీ సీటుకు బిగించి, దాని ముందు హాయిగా కూర్చున్నాడు.

ప్రిసిల్లా చూసింది. "అంకుల్, అట్ల కాదు. బెల్ట్ మీ మీదికెల్లి రావాలె."

"దీపం ఆరింది కదమ్మా."

"దీపం ఆరుతది అంకుల్, నా ఉద్యోగం కూడ ఆరుతది. బెల్ట్ సరిగ్గ లేకుంటే టెస్ట్ డ్రైవ్ ఇయ్యొద్దని మాకు రూల్."

తుకారాం గట్టిగా నవ్వాడు. రూలు అనే మాటకు ఆయనలో ఉద్యోగి లొంగిపోతాడు. లేచి, విప్పి, సరిగ్గా పెట్టుకున్నాడు. అదే అదనని కల్పలత ముందుకొచ్చింది. రాఘవేందర్ పాత కారు డిక్కీలోంచి సంచి తెచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా, ఒక మాట. తేజ బరువు పద్దెనిమిది కిలోలు. ఈ సంచి కూడ పద్దెనిమిదే, నేనే జోకించిన. నేరేడ్‌మెట్ దాకా పోయి తిరిగి ఈ గేటు కాడికి వచ్చేదాక ఇది మీ ఒళ్లె పెట్టుకోండ్రి. తేజను పట్టుకున్నట్టే పట్టుకోండ్రి. మీ చేతులకెల్లి జారకపోతే ఇంక ఈ ముచ్చట నేను ఎత్తను. నా మాట."

తుకారాం ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. "జారితే?"

"జారితే మీరే ఆలోచించి చెప్పుండ్రి. నేనేం అడగను."

"బాపు, మోకాళ్లు నొస్తయేమో..." అన్నాడు రాఘవేందర్.

"నువ్వు బండి తోలు." తుకారాం రెండు చేతులూ చాచాడు. "తే బిడ్డా. నన్ను ఉల్లిగడ్డలతోటి జోకుతవా? తే!"

ప్రిసిల్లాకు ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. అమ్మకం ఎటు పోతుందోనన్న బెంగతో కల్పలత పక్కన వెనక సీట్లో ఎక్కింది.

బండి కదిలింది. గేర్లు ఎప్పుడు మారాయో తెలియలేదు. బోయిన్‌పల్లి రద్దీ దాటి తిరుమలగిరి వైపు వెళ్లే రోడ్డెక్కాక రాఘవేందర్ కాలు కొంచెం నొక్కాడు. బండి ఒక్క ఊపులో ముందుకు సాగింది. "చూసినవా బాపు? టర్బో!" అన్నాడు. స్పీడ్ బ్రేకర్ల మీద బండి మెత్తగా లేచి మెత్తగా దిగింది. తుకారాం సంచిని గుండెకు హత్తుకుని, గడ్డం దాని మీద ఆనించి, అచ్చం మనవణ్ని పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. పోతూ పోతూ రోడ్డు మీది ఒకరిద్దరు డ్రైవర్లను తిట్టాడు కూడా. లాల్‌బజార్ దాటింది. నేరేడ్‌మెట్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపకుండానే బండి పైకి పాకింది.

"ఫరవాలేదు," అని ఒప్పుకున్నాడు తుకారాం. "చిన్న పానమే గాని మంచి ఊపిరి ఉంది దీనికి." తర్వాత వెనక్కి తిరగకుండానే, "బిడ్డా, పిల్లగాడు నిద్రపోయిండు," అని సంచిని తట్టాడు. ప్రిసిల్లా కిసుక్కున నవ్వింది. కల్పలత కూడా నవ్వింది.

కానీ తిరుగుదారి పట్టాక ఆమె కళ్లు రోడ్డుకు అతుక్కుపోయాయి. దారి ఇవాళే ఇంత ఖాళీగా ఉండాలా? ఎప్పుడూ అడ్డం పడే ఆటోలేవి, రాంగ్ రూట్లో వచ్చే బైకులేవి? లెక్క ఆమెకు తెలుసు. బండి నెమ్మదిగా ఆగినంతసేపు సంచి జారదు, ఒక్కసారిగా ఆగితే ఎవరి చేతులూ చాలవు. ఐతే రోడ్డుకు ఆమె లెక్కతో పనిలేదు. ఒక కుదుపు రావాలని తను కోరుకుంటోందని గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. మాట ఇచ్చింది. ఓడిపోతే ఈ ముచ్చట ఎత్తనంది. అప్పుడు ఏం చేయాలి? వేరే దారి వెతకాలి, అంతే. మాట మీద నిలబడుతూనే తేజను వెనక్కి తెచ్చే దారి ఇంకోటి ఎక్కడో ఉండకపోదు. అలా అనుకున్నాక గుండె కుదుటపడింది. షోరూముకు ఇంకో ఐదు నిమిషాల దూరం.

"ఈ చిన్న స్క్రీన్ల ఏసీ గాలి పెంచేది ఎక్కడుంది?" అని రాఘవేందర్ ఒక్క క్షణం చూపు పక్కకు తిప్పాడు.

ముందు టమాటా బాక్సులు వేసుకుని పోతున్న ట్రాలీ ఆటో, సైగ లేదు, దీపం లేదు, రోడ్డు మధ్యలో టక్కున ఆగింది. రాఘవేందర్ తల ఎత్తేలోపల బండి గట్టిగా మోగింది, మరుక్షణం ఎవరో మెడ పట్టి వెనక్కి లాగినట్టు తనంతట తానే ఆగిపోయింది. బెల్టు కల్పలత భుజంలోకి దిగింది. ముందు సీట్లో దభీమని చప్పుడు.

ట్రాలీకీ బండికీ మధ్య మూరెడు జాగా మిగిలింది.

సంచి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని, కట్టు తెగి, కింద పడింది. ఉల్లిగడ్డలు తుకారాం కాళ్ల దగ్గర, గేరు పక్కన, రాఘవేందర్ సీటు కింద, ఎక్కడ పడితే అక్కడ దొర్లుతున్నాయి. తుకారాంను బెల్టు పట్టుకుంది. ఆయన చేతులు మాత్రం ఇంకా గాలిని హత్తుకున్నట్టు గుండ్రంగా ముందుకు చాచి ఉన్నాయి.

"దెబ్బ తగిలిందా అంకుల్?" అంది ప్రిసిల్లా ముందుకు వంగి.

ఆయన డ్యాష్‌బోర్డు మీద సంచి తాకినచోట పడిన మట్టి మరకను చూస్తున్నాడు. దాని పక్కనే ఎయిర్‌బ్యాగు అని అచ్చు గుద్దిన అక్షరాలున్నాయి. నెమ్మదిగా చేతులు దించుకుని, అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ట్రాలీ వాడు చేయి ఊపి క్షమాపణ చెప్పి వెళ్లిపోయాడు. "పోనియ్యి రా," అన్నాడు తుకారాం చివరికి. గొంతు చాలా మెల్లగా ఉంది. "నిమ్మళంగ పోనియ్యి."

గెలిచానని కల్పలతకు అనిపించలేదు. ఒక పెద్దాయన తన చేతులను అలా చూసుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏదైనా అనబోయి ఆగింది. ఏం అడగనని మాటిచ్చింది కదా. ఓదార్చడం కూడా ఇప్పుడు అడగడం లాంటిదే అవుతుంది.

షోరూములో బండి ఆగాక నలుగురూ వంగి గడ్డలు ఏరారు. బండికేం కాలేదని ప్రిసిల్లా మూడుసార్లు తుడిచి చూసుకుని ఊపిరి పీల్చుకుంది. రాఘవేందర్, "ముందటి సీట్ల కింద ఇంకో నాలుగు ఉంటయేమో, రేపు వాసనొస్తె మమ్మల్ని తిట్టొద్దు," అంటే ఆ అమ్మాయి ఎట్టకేలకు నవ్వింది.

కాసేపటికి చూస్తే తుకారాం కనిపించలేదు. కల్పలత అద్దాల్లోంచి లోపలికి చూసింది. పిల్లలు దిగిపోయిన ప్రదర్శన బండిలో, వెనక సీట్లో, ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తలుపు వేసుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. కొంచెం ముందుకు జరిగి, రెండు సీట్ల మధ్యలోంచి రోడ్డు కనబడుతుందో లేదో అటూ ఇటూ వంగి చూశాడు. పక్క సీటు వెనక వేలు పెట్టి కొక్కేన్ని వెతికి పట్టుకున్నాడు, లాగి చూశాడు, ఇంకోసారి గట్టిగా లాగాడు. తర్వాత ప్రిసిల్లాను పిలిచి ఏదో అడిగాడు. ఆ అమ్మాయి పిల్లల కుర్చీ ఒకటి తెచ్చి బిగించి చూపించింది. ఆయన దాన్ని పట్టుకుని, టైరును తన్నినంత శ్రద్ధగా ఊపి చూశాడు. కుర్చీ కదలలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు పాత కారులో తుకారాం ముందు సీట్లోనే కూర్చున్నాడు గానీ, తేజ ఒళ్లోకి ఎక్కబోతే, "ఈరోజు అమ్మ దగ్గర కూసో," అని వెనక్కి పంపాడు. బెల్టు మీదుగా పెట్టుకున్నాడు. దారంతా ఒక్క డ్రైవరునూ తిట్టలేదు.

భోజనాలకు రెండైంది. సొరకాయ పప్పు, వంకాయ కూర, దెబ్బ తిన్న గడ్డల్లో కొన్ని తరిగి వేసిన పచ్చిపులుసు. కల్పలత వడ్డించి తనూ కూర్చుంది. ఎవరూ కారు మాట ఎత్తలేదు. వారం రోజుల్లో ఆ ఇంట్లో కారు మాట లేని భోజనం ఇదే మొదటిది. రాఘవేందర్ తండ్రి ముఖం వైపు దొంగచూపులు చూస్తూ పప్పులో నెయ్యి రెండుసార్లు వేసుకున్నాడు.

తుకారాం రెండో ముద్ద తిని, చెంబెడు నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు.

"ఒక మాట చెప్త, అందరు వినుండ్రి," అన్నాడు. "సన్‌రూఫ్ వద్దు."

"తాతా!" అని ఊర్మిళ అరిచింది.

"మీద బొక్క ఉన్న బండి వానకాలంల నేను చాన తోలిన బిడ్డా, నాకు తెలుసు దాని సుఖం. ఈరోజు మేము తోలిందే తీస్కుందాం. మీ నాయిన స్క్రీను చూసేటప్పుడు రోడ్డు చూసే కండ్లు ఇంకో రెండు కావాలె దానికి."

రాఘవేందర్ తల వంచుకుని అన్నం కలిపాడు.

"రెండోది. ముందల సీటు ఇగ మీ అమ్మది. నేను ఎనుక కూసుంట. చూసిన, ఎనుకకెల్లి కూడ రోడ్డు మంచిగ కనవడ్తది. తేజగాడు నా పక్కపొంటి, వాని కుర్చీల. కుర్చీ సుత బండితోపాటే తీస్కుందాం. గట్టిది, ఊపి చూసిన."

తేజ ముద్ద నోట్లో పెట్టుకుని, "మరి నీ ఒళ్లె ఎవరు కూసుంటరు తాతా?" అని అడిగాడు.

కల్పలత మామగారి వైపు చూసింది. తుకారాం వాడి వైపు తిరిగాడు.

"నా ఒడి ఎక్కడికి పోతదిరా? ఇంట్ల నీదే. బండిల మాత్రం ఎవరి సీటు వాళ్లది. నాక్కూడ బెల్టే, నీకు కూడ బెల్టే."

తర్వాత కోడలి వైపు చూశాడు. నవ్వలేదు, పొద్దున చూసినట్టు కొత్తగానూ చూడలేదు. డిపోలో డ్యూటీ అప్పగించేటప్పుడు ఒక డ్రైవరు ఇంకొకరిని చూసినట్టు చూశాడు.

"మూడోది నీకు, బిడ్డా. అందరి బెల్టులు నువ్వే చూడాలె. నాది సుత. చూసినంక నువ్వు 'రైట్' అంటవు. కండక్టర్ రైట్ అననిది ముప్ఫై ఒక్క ఏండ్లల ఒక్కనాడు నేను క్లచ్ ఇడువలే. ఈ ఇంట్ల కూడ నువ్వు రైట్ అననిదాక బండి కదలొద్దు."

"ఆటోమేటిక్‌ల క్లచ్ ఉండదు బాపు," అన్నాడు రాఘవేందర్.

"నువ్వు అన్నం తిను. తిని ఆ పిల్లకు ఫోన్ చెయ్యి, బండి మాదే అని చెప్పు."